చక్రముల యింట చలికాలము

అమెరికా దేశపు ఆరిజోనా రాష్ట్రమున, సముద్రమట్టమునకు సుమారు 2,100 మీటర్ల యెత్తున, ఫ్లాగ్‌స్టాఫ్ అను పట్టణము చుట్టును పాండరోసా పైన్ వృక్షముల మహారణ్యము కలదు. ఇల్లు వాకిలి విడిచి, తమ సర్వస్వమును ఒక మోటారు వ్యానులో సర్దుకొని, అందే వండుకొనుచు, అందే నిద్రించుచు, ఒక కుక్కనో పిల్లినో, ఒక్కొక్కప్పుడు రెంటినిగూడ వెంటబెట్టుకొని తిరుగు సంచారులు వేసవి యంతయు ఆ చెట్లనీడలలో విడిది చేయుదురు. అక్టోబరు నెల సగము గడచుసరికి సాన్ ఫ్రాన్సిస్కో శిఖరముల వాలులమీది యాస్పెన్ ఆకులు పసుపుపచ్చగా పండి రాలనారంభించును. అట్టి దినములలో ఒకనాటి తెల్లవారుజామున తలుపు తెరచి, రాత్రి బయట మరచిన కుక్క నీళ్ళపళ్ళెమును చూచునప్పటికి, దానిమీద అద్దపు రేకువంటి పలుచని మంచుపెచ్చు కట్టియుండును. వ్రేలితో నొక్కగా అది పుటుక్కున విరిగి, ఒక అంచు నీటిలోనికి దిగి, రెండవ అంచు పైకి లేచును. కుక్క దానిని వాసన చూచి, నాలుకతో ఒకమారు తాకి, ఇదేమి వింత యన్నట్లు యజమాని ముఖమువంక చూచును. మనకు పంచాంగము చెప్పవలసిన ఋతువును ఆ సంచారులకు ఆ పళ్ళెము చెప్పును.

పళ్ళెము చెప్పిన మాట విని చాలమంది వ్యాను ఇంజను నడిపించి దక్షిణమునకు బయలుదేరుదురు. దక్షిణమునకు పోవుచున్నామని వారే యందురు గాని, విచారించి చూడగా వారు పోవుచున్నది దిగువకు. ఫ్లాగ్‌స్టాఫ్ నుండి ఫీనిక్స్ మీదుగా సుమారు 430 కిలోమీటర్లు ప్రయాణించి వారు చేరుకొను క్వార్ట్‌జ్‌సైట్ అను ఎడారి యూరు సముద్రమట్టమునకు 270 మీటర్ల యెత్తున మాత్రమే యున్నది. వాతావరణమున ప్రతి వెయ్యి మీటర్ల యెత్తునకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ చొప్పున తగ్గును గనుక, 1,800 మీటర్లు దిగిన వారికి కేవలము ఆ దిగుటవలననే దాదాపు 12 డిగ్రీల వెచ్చదనము లభించును. నర్సీపట్నమునుండి లంబసింగి కొండ యెక్కినవారికి ఈ లెక్క ఒంటికి తెలిసినదే. క్వార్ట్‌జ్‌సైట్ ప్రక్కనున్న లా పోసా మైదానమున అమెరికా ప్రభుత్వ భూనిర్వహణ శాఖవారు ప్రతి సంవత్సరము సెప్టెంబరు 15 మొదలు ఏప్రిల్ 15 వరకు, ఏడు మాసములపాటు, ఇట్టి బండ్లవారు నిలిచియుండుటకు అనుమతి పత్రములిచ్చుచున్నారు. చలికి దక్షిణమునకు వలసపోవు ఈ జనమునకు అక్కడివారు మంచు పక్షులని పేరుపెట్టినారు.

అందరును పక్షులవలె ఎగిరిపోజాలరు. ఊరిలో ఉద్యోగము ఉన్నవారు, బండి మరమ్మతునకు డబ్బు కూడబెట్టుకొనుచున్నవారు, అద్దె యింట కుక్కకు చోటులేదనిన కారణముచేతనే అద్దె యిల్లు వదలి వ్యానును ఆశ్రయించినవారు, వీరందరు చలిని ఉన్నచోటనే యెదుర్కొనవలసియున్నది. వ్యానులో మనిషికి తోడుగా ఒక జంతువున్నప్పుడు చలి యను ప్రశ్నయే మారిపోవునని గ్రహించుటకు కొంత భౌతికశాస్త్రమును, కొంత శరీరశాస్త్రమును కలిపి చూడవలెను. చలికి జడిసి వ్యానును ఎంత బిగువుగా మూసికొన్న అంత క్షేమమని తోచుట సహజము. అది తప్పు, ఒక్కొక్కమారు ప్రాణాంతకమైన తప్పు.

మనిషియు జంతువును ఒకే బండిలో కలిసి బ్రదుకు ఈ సహజీవనము నేటి వింత కాదు. జాన్ స్టైన్‌బెక్ అను సుప్రసిద్ధ నవలాకారుడు 1960 సెప్టెంబరు మాసమున, తన 58వ యేట, చార్లీ అను పూడిల్ జాతి కుక్కను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, వెనుక చిన్న గది కట్టించిన ట్రక్కులో దేశము చుట్టిరాబోయినాడు. ఆ ట్రక్కునకు డాన్ కిహోటే అను కథానాయకుని గుఱ్ఱము పేరైన రోసినాంటే అని నామకరణము చేసినాడు. శరదృతువు ముదిరి చలిగాలులు దిగుచుండగా సాగిన ఆ యాత్రను 1962లో ఆయన గ్రంథముగా ప్రకటించినాడు. ఆ సంవత్సరముననే ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది.

వ్యాను గోడయన నేమి? మిల్లీమీటరునకు మించని మందముగల ఉక్కురేకు. వేడిని తనగుండ ప్రసరింపజేయుటలో ఉక్కునకును ఉన్నికిని గల తారతమ్యము వెయ్యి రెట్లకు పైమాట. కావుననే వ్యానును ఇల్లుగా మార్చుకొనువారు ఉక్కురేకునకు లోపల గొఱ్ఱె ఉన్నినో నురుగు పలకలనో పరచి, వానిపై పలుచని చెక్క బిగింతురు. అంతటితో పని ముగిసినదని భావించువారికి మొదటి మంచు రాత్రియే పాఠము చెప్పును. రేకునకు బలమిచ్చు ఉక్కు పక్కటెముకలు ఉన్నిని చీల్చుకొని లోపలి చెక్కదాక వచ్చియుండును; చెక్కను వానికి బిగించిన ప్రతి మరచీలయు బయటి చలికి ఒక సన్నని వంతెన. తెల్లవారి దీపము వెలిగించి చూచిన, నున్నని చెక్కమీద ఆ మరల తలలు మాత్రము వరుసగా తడిసి, ఒక్కొక్క దానిమీద ఒక్కొక్క నీటిబొట్టుతో మెరయుచుండును. గోడలో ఎక్కడెక్కడ వేడి పారిపోవుచున్నదో ఆ బొట్లు పటము గీసినట్లు చూపును.

ఈ గోడల నడుమ వేడి పుట్టించువారు ఎవరు? హీటరు సంగతి తరువాత. మొట్టమొదటి పొయ్యి ప్రాణియే. స్విట్జర్లండున జన్మించి కాలిఫోర్నియాలో పనిచేసిన మాక్స్ క్లైబర్ అను శాస్త్రజ్ఞుడు 1932లో ఒక చక్కని సూత్రమును వెల్లడించినాడు: జంతువు విశ్రాంతిగా నున్నప్పుడు పుట్టించు వేడి దాని బరువుతో సమానముగా పెరుగదు, బరువు యొక్క నాల్గింట మూడవ ఘాతమును అనుసరించి పెరుగును. ఈ లెక్క ప్రకారము 20 కిలోల కుక్క సుమారు 32 వాట్ల వేడిని, 4 కిలోల పిల్లి సుమారు 10 వాట్ల వేడిని వెలువరించును. నిద్రించు మనిషి వెలువరించునది ఇంచుమించు 80 వాట్లు. ఇద్దరు మనుష్యులు, ఒక కుక్క, ఒక పిల్లి కలిసి ఒక్క వ్యానులో నిద్రించినచో 200 వాట్ల పొయ్యి వెలిగియున్నట్లే. మంచు కురియు రాత్రి వ్యాను పోగొట్టుకొను వేడి ఇంతకు కొన్ని రెట్లు అధికమే గాని, కుక్కను కాళ్ళదగ్గర పడుకొనబెట్టుకొన్నవారికి ఆ 32 వాట్ల విలువ బాగుగ తెలియును.

క్లైబర్ లెక్కలో దాగియున్న మరియొక సంగతి మనకు ఇంకను ముఖ్యము. కిలో బరువునకు ఎంత యని భాగించి చూచినచో మనిషికి ఒక వాటు చిల్లర, కుక్కకు ఒకటిన్నర, పిల్లికి రెండున్నర వచ్చును. చిన్నదేహమునకు బరువు తక్కువ, ఆ బరువుతో పోల్చగా చర్మవైశాల్యము ఎక్కువ. వేడిచేసిన పాలు చెంబులోకంటె గరిటెలో త్వరగా చల్లారినట్లు చిన్న జంతువు త్వరగా చల్లారును, అందుచేత ఎడతెగక ఇంధనము కాల్చుచునే యుండవలెను, అందుచేతనే త్వరత్వరగా ఊపిరి తీయుచుండవలెను. ఈ త్వరిత శ్వాసమును పాఠకులు గుర్తుంచుకొందురుగాక. హీటరు సంగతి వచ్చినప్పుడు దానితో పనియున్నది.

పిల్లి చలిని సహింపలేదని మన పూర్వులకు ఎవరును చెప్పనక్కరలేకపోయినది. వంట లేని యింటిని గూర్చి మనము పొయ్యిలో పిల్లి లేవలేదని యందుము. రాత్రి ఆరిన పొయ్యిలో వెచ్చని బూడిదపై ముడుచుకొని పడుకొన్న పిల్లిని ఉదయము లేపిననే గదా నిప్పు రాజేయుట. ఆ నానుడిలో ఎంత పేదరికమున్నదో అంత జీవశాస్త్రమును ఉన్నది. తన దేహపు వేడిని నిలుపుకొనుటకై పిల్లి అదనముగా ఏమాత్రము శ్రమింపనక్కరలేని ఉష్ణోగ్రత 30 నుండి 38 డిగ్రీలవరకు. కుక్కకో సాధారణముగా 20 నుండి 30 డిగ్రీలు. 2007లో ప్రకటింపబడిన జన్యుపరిశోధన ప్రకారము ప్రపంచమందలి పెంపుడు పిల్లులన్నియు పశ్చిమాసియా ప్రాంతపు అడవిపిల్లి సంతతివే. ఎండనేలల ప్రాణి గనుక 20 డిగ్రీలుగల వ్యానులో మనము చొక్కా గుండీ విప్పుకొని హాయిగా కూర్చున్నప్పుడుగూడ పిల్లికి అది చలియే. అది దుప్పటి మడతలోనికి దూరుట కేవలము గారాబము కాదు. వేడికై వెదకుచు బండిక్రిందికి పోయి, అప్పుడే ఆపిన ఇంజను సందులో నిద్రించు పిల్లులును కలవు. కావున చలిదినములలో తమ పిల్లి కనబడనప్పుడు ఇంజను మూతపై రెండుమూడు మార్లు అరచేతితో గట్టిగా తట్టక తాళపుచెవి త్రిప్పరాదు.

కుక్కలలో జాతికొక నీతి. 1950లో షోలాండర్ అను శరీరశాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును అలాస్కా ఉత్తరపు కొనయందలి పాయింట్ బారోలో జరిపి ప్రకటించిన పరిశోధనలయందు, ధ్రువప్రాంతపు జంతువులు చలిని గెలుచుట ఎక్కువ ఇంధనము కాల్చుటవలన గాదనియు, దళసరి బొచ్చులో చిక్కిన గాలియే వాని కోటగోడ యనియు తేలినది. హస్కీ జాతి కుక్క మంచులో గుంట త్రవ్వుకొని తోకతో ముక్కు కప్పుకొని నిద్రించును. అదే మంచులో పొట్టిబొచ్చు చివావా గడగడ వణకును. బొచ్చు తడిసినచో హస్కీ కోట యైనను కూలవలసినదే. గాలికంటె నీరు వేడిని ఇరువది రెట్లకు పైగా త్వరగా తీసికొనిపోవును గనుక, వానలోనో మంచులోనో తిరిగివచ్చిన కుక్కను పొడిగుడ్డతో పొట్టక్రింద, కాలివ్రేళ్ళ సందున తుడుచుట దానికి అన్నము పెట్టుటకంటె ముందు చేయవలసిన పని.

కాళ్ళ ప్రస్తావన వచ్చినది గనుక ఒక అద్భుతమును చెప్పక ముందునకు సాగజాలను. మన కాలు నగ్నముగా మంచుమీద మోపినచో కొద్ది నిమిషములలో మొద్దుబారును. కుక్క అదే మంచుమీద గంటలతరబడి పరుగెత్తును. దాని అరికాలి మెత్తలపై బొచ్చు లేదు. వెచ్చదనమునకు చెప్పులును లేవు. 2011లో హిరోయోషి నినోమియా అను జపాను శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును కుక్క అరికాలి రక్తనాళములను సూక్ష్మదర్శినిక్రింద పరిశీలించి, ఒక్కొక్క ధమని చుట్టును సన్నని సిరలు తీగెవలె అల్లుకొనియున్నవని చూపినారు. గుండెనుండి దిగు వేడిరక్తము తన వేడిని ప్రక్కనే పైకిపోవుచున్న చల్లరక్తమునకు అప్పగించి తాను చల్లారి అరికాలికి చేరును. చల్లరక్తము ఆ వేడిని పుచ్చుకొని వెచ్చనై గుండెకు మరలును. వేడి దేహము దాటి మంచులోనికి పోదు, చలి గుండెదాక రాదు. ఎదురెదురు ప్రవాహముల ఈ మార్పిడి వసతి కాలికే గాని కడుపునకు లేదు. రాత్రియంతయు చల్లని నేలపై పొట్ట ఆనించి పడుకొన్న కుక్కను ఆ యేర్పాటు రక్షింపలేదు. వ్యానులో వెచ్చని గాలి పైకప్పునకు చేరును, చల్లగాలి అడుగున పేరుకొనును. మనిషి మంచముపై ఎత్తున పడుకొనును, కుక్క ఆ అడుగున పడుకొనును. మన ముఖమునకు వెచ్చగా తోచు గదిలోనే దానికి కొన్ని డిగ్రీల చలి యధికము. దాని పరుపును నేలకు జానెడు ఎత్తున నిలుపుటకు ఒక చెక్కబల్ల చాలును.

ఇక నీటి సంగతి. చలికాలమున వ్యానువాసులను అన్నిటికంటె నెమ్మదిగా, అన్నిటికంటె నిశ్చయముగా బాధించునది చలి కాదు, తమ ఊపిరియే. మనిషి చెమట కనబడకున్నను చర్మమునుండియు శ్వాసమునుండియు రోజునకు ముప్పాతిక లీటరునకు తగ్గని నీరు ఆవిరిగా పోవుచునే యుండును. ఇద్దరు మనుష్యులు, ఒక కుక్క, ఒక పిల్లి ఒక రాత్రియందు గాలిలో కలుపు నీరు అర లీటరును మించును. మరి గాలి యెంత నీటిని మోయగలదు? 20 డిగ్రీల వెచ్చని గాలి ఘనమీటరునకు 17 గ్రాములు. సున్న డిగ్రీల గాలి 5 గ్రాములైనను మోయలేదు. ఎత్తైన కప్పుగల పెద్ద వ్యాను లోపల 12 ఘనమీటర్ల గాలి పట్టుననుకొన్నచో, అది వెచ్చగా నున్నప్పుడు కడుపునిండ త్రాగినను సుమారు 200 గ్రాముల నీటికి మించదు. రాత్రి ఆ ప్రాణులు వదలినది 500 గ్రాములు. మిగిలిన 300 గ్రాములు ఎక్కడికి పోవును? చల్లని దానిని వెదకుకొని పోవును: కిటికీ అద్దమునకు, మరల తలలకు, పరుపు అడుగునకు, చెక్క వెనుక కంటికి కనబడని ఉక్కురేకునకు.

గాలి పూర్తిగా నిండువరకుగూడ ఆగనక్కరలేదు. 20 డిగ్రీల గాలిలో మోయగలదానిలో సగమే తేమ యున్నను, 9 డిగ్రీల చల్లని వస్తువు తగిలినచో నీరు దిగవలసినదే. ఆ మట్టమునకే శాస్త్రజ్ఞులు తుషారాంకము అని పేరుపెట్టినారు. బయట మంచు కురియు వేళ అద్దము 9 డిగ్రీలకంటె చల్లగా నుండుట చెప్పవలసిన పనియే లేదు. తెల్లవారుసరికి వెనుక తలుపు అద్దమంతయు నీటిపొర; దానిలో పిల్లి బయటి పక్షిని చూచుటకై పాదముతో తుడిచిన నాలుగు గీతలు; గీతలవెంట దిగజారిన నీరు క్రింది రబ్బరు అంచున మడుగుకట్టి, అచ్చటనుండి చెక్కలోనికి ఇంకుచుండును. రెండు వారములు గడచిన పిమ్మట పరుపెత్తి చూచిన నల్లని బూజు చుక్కలు. ఆ బూజు ధూళి తగిలి మనిషికి తుమ్ములు వచ్చును. ఆ పరుపును ముక్కునకు ఆనించి పడుకొను కుక్కకు ఏమి వచ్చునో వేరుగ చెప్పవలెనా?

దీనికి మందు మూసివేతలో లేదు. బయట పొగమంచు దట్టముగా నున్నప్పుడు కిటికీ తెరచిన తేమ లోనికి వచ్చునను భయము చాలమందికి కలదు. ఆ భయము నిరాధారము. సున్న డిగ్రీల గాలి తడిసి ముద్దయైనను దానిలో నున్నది 5 గ్రాములలోపు నీరే. అది లోనికి వచ్చి 20 డిగ్రీలకు వెచ్చనైన పిమ్మట, తాను మోయగల దానిలో మూడవ వంతు బరువైనను దాని తలపై ఉండదు. అనగా చలికాలపు బయటిగాలి ఎప్పుడును దాహముతోనే లోనికి వచ్చును. ఒక్కొక్క ఘనమీటరు 5 గ్రాముల చొప్పున పట్టుకొని బయటకు పోయినచో, రాత్రి అర లీటరును తొలగించుటకు 100 ఘనమీటర్ల గాలి చాలును. గంటకు ఒకమారు వ్యాను గాలి మారినచో సరిపోవును. ఆ చల్లగాలిని వెచ్చజేయుటకగు ఖర్చెంత? లెక్కవేసి చూడగా రాత్రి పొడవునను సగటున 90 వాట్లకు లోపు, ఇంచుమించు నిద్రించు ఒక మనిషి ఒంటి వేడి. పైకప్పు గవాక్షమును రెండు వ్రేళ్ళ మందము, ముందు కిటికీని ఒక వ్రేలి మందము తెరచియుంచినచో ఈ కార్యము దానంతటదియే జరుగును. ఇంత చౌకగా లభించు ఆరోగ్యమును కిటికీ బిగించి కాలదన్నుకొనుట నాకు మిక్కిలి విచారము కలిగించు విషయము.

హీటరు కొన్న పిమ్మట ఈ గాలిమాట మరింత గట్టిగా చెప్పవలసియున్నది. చౌకగా దొరకు ప్రొపేన్ హీటర్లలో కొన్నిటికి పొగగొట్టముండదు. మంట గదిలోనే మండును, మండగా వచ్చునదంతయు గదిలోనే మిగులును. ఒక కిలో ప్రొపేన్ పూర్తిగా మండినచో ఒక కిలో 600 గ్రాములకు పైగా నీరు ఆవిరిగా పుట్టునని రసాయనశాస్త్రము చెప్పుచున్నది; వెచ్చదనము కొరకు వెలిగించిన మంట బూజునకు నీరుపోయును. అంతకంటె భయంకరమైనది వేరొకటి యున్నది. ప్రాణవాయువు చాలక మంట సగము మండినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువుకంటె దీనినే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును, పట్టుకొని తేలికగా విడువదు. తలనొప్పి, వికారము, మత్తు. నిద్రలో నున్నవారికి ఆ మత్తు నిద్రకంటె వేరుగా తెలియదు.

జాన్ స్కాట్ హాల్డేన్ అను బ్రిటిష్ శరీరశాస్త్రజ్ఞుడు 1890 దశకమున ఈ వాయువును తానే పీల్చి, తన దేహమున కలిగిన మార్పులను వ్రాసికొని, బొగ్గుగనుల ప్రేలుళ్ళలో చనిపోయిన వారిలో అనేకులు ఈ విషవాయువుచేతనే మరణించినారని నిరూపించినాడు. మనిషికంటె ముందుగా చిన్న జంతువు దీనికి లొంగునని గమనించి, గనులలోనికి చుంచెలుకలను, కానరీ పిట్టలను తీసికొనిపోవలెనని ఉపదేశించినదియు ఆయనయే. బ్రిటిష్ గనులలో ఆ పిట్టలు 1986 వరకు పనిచేసినవి. ఇందాక గుర్తుంచుకొనుడని కోరిన త్వరిత శ్వాసము ఇచ్చట అర్థమగును: చిన్నదేహము త్వరగా పీల్చును గనుక విషమును త్వరగా నింపుకొనును. అమెరికాలో అమ్మబడు హెచ్చరిక గంటలు పది లక్షలలో 70 వంతుల విషవాయువున్నప్పుడు ఒక గంట మొదలు నాలుగు గంటలలోపల మ్రోగవలెనని నియమము. ఆ నియమము మనిషి రక్తమును కొలతగా నుంచి వ్రాసినది, పిల్లి రక్తమును కాదు. కావున పిల్లి అకారణముగా మత్తుగా నున్నను, కుక్క నడచుచు తూలినను, గంట మ్రోగలేదుగదా యని ఆగక మొదట తలుపు తెరచి, అందరును బయటకు దిగి, తరువాత కారణము విచారింపవలెను. హాల్డేన్ పిట్టను పంజరములో పెట్టి గనిలోనికి పంపినాడు. మన తోడి ప్రాణిని మనము తెలియకయే అట్టి పిట్టగా మార్చుకొనరాదు.

మంట హీటరు లోపలి మూసిన అరలో మండి, తనకు వలయు గాలిని బయటనుండి తీసికొని, పొగను గొట్టముగుండ బయటకు పంపు డీజిల్ హీటరు ఈ రెండు దోషములకును విరుగుడు: తేమ చేర్చదు, సరిగా బిగించినచో విషము వదలదు. వ్యాను కొనుటకు ముందు పరుపు రంగు గూర్చి ఆలోచించు కాలములో సగము దీని గొట్టము బిగింపు గూర్చి ఆలోచింపదగును. చిలుకలను పెంచువారు ఇంకొక జాగ్రత్త పడవలెను. అంటుకొనని పూతగల పెనము మితిమీరి కాలినప్పుడు వెలువడు పొగ మనకు దగ్గు తెప్పించును, పిట్టను చంపును.

గ్యాసు డబ్బీలు, బ్యాటరీలు వీనిని గూర్చి సంగ్రహముగా చెప్పెదను. బ్యూటేన్ సుమారు సున్న డిగ్రీల వద్దనే ఆవిరియగుట మానును గనుక ఆ డబ్బీ స్టవ్వు మంచు ఉదయమున వెలుగదు; ప్రొపేన్ మైనస్ 42 వరకు ఆవిరి యగును. సౌరఫలకములతో నింపు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని సున్న డిగ్రీలకు దిగువన ఛార్జి చేసినచో లోపల లిథియం లోహపు పొర కట్టి శాశ్వతముగా చెడును. కుక్క నిద్రించు వెచ్చని గదిభాగముననే బ్యాటరీనిగూడ ఉంచినచో రెండును బ్రదుకును.

ఇంజను గడ్డకట్టకుండ పోయు ద్రవము సంగతి మాత్రము సంగ్రహముతో సరిపుచ్చజాలను. ఆ ద్రవములలో చాలవానియందుండు ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా నుండును. అది కడుపులో చేరిన పిమ్మట కాలేయము దానిని విడగొట్టగా ఆక్సాలిక్ ఆమ్లము పుట్టును. అది రక్తములోని కాల్షియముతో కలిసి స్ఫటికములై మూత్రపిండముల సన్నని గొట్టములలో పూడుకొనిపోవును. 4 కిలోల పిల్లికి ఒక టీ చెంచాడు చిల్లర చాలును. మొదటి గంటలలో తాగినవానివలె తూలి, తరువాత తేరుకొన్నట్లు కనబడును. ఆ తేరుకొనుటను నమ్మి యజమాని నిశ్చింతగా నుండును, లోపల మూత్రపిండములు మూతపడుచుండును. పిల్లికి మూడు గంటలలోపల వైద్యము అందవలెను. సంచారులు తమ బండ్లను తామే బాగుచేసికొందురు గనుక ఈ ద్రవపు చుక్కలు వారి విడిదులలో నేలమీద పడుట సామాన్యము. పడినచోట మట్టినే త్రవ్వి తీసివేయవలెను. నీళ్ళ గొట్టములలో పోయుటకు ప్రత్యేకముగా అమ్మబడు గులాబిరంగు ద్రవము సాధారణముగా ప్రొపిలీన్ గ్లైకాల్‌తో చేయబడినది. దాని విషము ఎంతయో తక్కువ.

ఇట్టి రాత్రులు గడపి, లేక గడపనక్కరలేక దిగువకు వచ్చినవారిని క్వార్ట్‌జ్‌సైట్ శ్మశానమున ఒక విచిత్రపు గోరీ పలుకరించును: రాళ్ళతో కట్టిన చిన్న పిరమిడు, దాని శిఖరమున లోహపు ఒంటె బొమ్మ. అమెరికా సైన్యము ఒంటెలను ప్రయోగించి చూడదలచి 1856లో తూర్పుదేశములనుండి తెప్పించినప్పుడు వానితోపాటు వచ్చిన ఒంటెకాపరి హాజీ అలీ అచ్చట నిద్రించుచున్నాడు. నోరు తిరుగని సైనికులు హై జాలీ యని పిలిచినారు. 1857లో బీల్ అను దొర నాయకత్వమున ఆ ఒంటెల బిడారు నడచినది సాన్ ఫ్రాన్సిస్కో శిఖరముల పాదముననుండియే, అనగా నేటి వ్యానులు చలికి జడిసి దిగివచ్చు ప్రాంతముననుండియే. 1902లో హాజీ అలీ మరణించినాడు. 1935లో ఆ గోరీ కట్టినారు. ఎడారి పగటి వేడిమిని, రాత్రి చలిని ఒకే దేహముతో ఓర్చు విద్య ఒంటెకున్నదని ఆ తరువాత 1950 దశకమున సహారాలో ష్మిట్ నీల్సన్ అను శరీరశాస్త్రజ్ఞుడు కొలిచి చూపినాడు: నీరు దొరకనప్పుడు ఒంటె దేహము పగలు 6 డిగ్రీల మేరకు వేడెక్కి, ఆ వేడిని రాత్రి చలిలో వదలును.

కుక్కకు ఆ విద్య లేదు. ఎడారిలో మబ్బులేని పొడి యాకాశము క్రింద నేల తన వేడిని రాత్రి యంతయు శూన్యములోనికి వికిరణము చేయును గనుక, పగలు 20 డిగ్రీలు దాటిన చోటనే తెల్లవారుజామున 5 డిగ్రీలు. ఉదయపు చలికి బిగించిన కిటికీలను మరచి, మధ్యాహ్నము కుక్కను లోపల వదలి అంగడికి పోవుట దిగువకు వచ్చిన సంచారులు చేయు పెద్ద తప్పు. 22 నుండి 36 డిగ్రీల పగళ్ళలో ఎండన నిలిపిన కారును పరిశీలించి 2005లో ప్రకటించిన అధ్యయనమున, గంటలో లోపలి వేడి సగటున 22 డిగ్రీలు పెరిగినదనియు, అందులో ఐదింట నాలుగు వంతులు మొదటి అరగంటలోనే పెరిగినదనియు, కిటికీ కొద్దిగా తెరచియుంచుటవలన లాభము లేదనియు తేలినది. ఉన్ని పరచిన వ్యాను కారుకంటె నెమ్మదిగా వేడెక్కునుగాక. చలికాలమని కుక్కను బందీ చేయుటకు అది సాకు కారాదు. రాత్రి తేమను పంపివేయుటకు చాలిన రెండు వ్రేళ్ళ సందు పగటి యెండకు చాలదు.

డిసెంబరు సెలవులలో ఇట్టి వ్యానును అద్దెకు తీసికొని, పిల్లలను, పెంపుడు కుక్కను ఎక్కించుకొని గ్రాండ్ కాన్యన్ చూడబోవు మన తెలుగు కుటుంబములు అమెరికాలో ఉన్నవి. వారికి నా మనవి: తాళపుచెవి చేతికి వచ్చిన వెంటనే కార్బన్ మోనాక్సైడ్ గంట బొత్తామును నొక్కి మ్రోగుచున్నదో లేదో వినుడు, మ్రోగకున్న బండి కదలనీయకుడు, రాత్రి ఎంత చలి పెట్టినను గవాక్షమును పూర్తిగా మూయకుడు, ఉష్ణమాపకమును మీ తలగడ ప్రక్కన గాక, కుక్క పడుకొను చోట నేలమీద ఉంచుడు.